ఫ్లాష్‌కి టోపీ తొడిగాక వచ్చే వెలుతురు: నీరెండ అనొచ్చా?

పర్లాకిమిడి నుంచి:
పెద్దలందరికీ నమస్కారం. నాది పెళ్ళి ఫోటోల పని. ఒక మాట మీద మీ అభిప్రాయం కావాలి.

మొన్న మాఘమాసంలో మా వీధిలోనే పెళ్ళి. పెళ్ళికూతురికి నలుగు పెట్టి, పసుపు రాసి కూర్చోబెట్టారు. చీకటి గది. ఫ్లాష్ సూటిగా కొట్టాను. తెర మీద చూస్తే నుదురు, ముక్కు కొన, బుగ్గలు తెల్లగా వెలిసిపోయాయి, పసుపన్నదే లేదు. వెనక గోడ మీద కత్తిరించి అంటించినట్టు నల్లటి నీడ. నాయనమ్మగారు తొంగి చూసి, "పిల్ల మొహానికి సున్నం కొట్టినట్టుందేటి బాబూ!" అన్నారు. మనసు చివుక్కుమంది.

సంచిలో 150 రూపాయలకి కొన్న తెల్ల ప్లాస్టిక్ టోపీ ఉంది. అది ఫ్లాష్‌కి తొడిగి, ఫ్లాష్ తల పైకెత్తి మళ్ళీ తీశాను. తెల్ల గోడలు, అందేంత ఎత్తులో కప్పు. వెలుగంతా వాటికి తగిలి తిరిగొచ్చింది. పసుపు పసుపులాగే ఉంది, చెంప మీద నూగు కూడా కనబడుతోంది. ఆవిడ కెమెరా దగ్గరికి లాక్కుని చూసి, "ఆఁ, ఇప్పుడు నీరెండలో కూకున్నట్టుంది" అన్నారు.

అప్పట్నుంచీ ఆ మాట నన్ను వదలడం లేదు. మేం సాఫ్ట్ లైట్ అంటాం. ‘మెత్తని వెలుతురు’ అని రాస్తే చేత్తో తాకి చూడాలేమో అనిపిస్తుంది. నీరెండ అలా కాదు. చలికాలం పొద్దున్నే అరుగు మీద పసిబిడ్డకి నూనె రాసే ఎండ అది. ఒంటికి తగులుతుంది, కంట్లో గుచ్చుకోదు. ఈ వెలుతురుకి ఆ పేరు పెట్టొచ్చా?

బరంపురం నుంచి:
పాఠ్యపుస్తకాల్లో కాంతి చెదరడాన్ని పరిక్షేపణం అంటారు. ఆ లెక్కన మీ టోపీని ‘పరిక్షేపకం’ అనొచ్చు. అర్థం సరిగ్గా సరిపోతుంది. కొందరు ‘వడకట్టు’ అంటున్నారు, అది తప్పు. వడకట్టేది కొంత ఆపేసి కొంత వదులుతుంది. టోపీ పని వెలుగుని నాలుగు వైపులకీ చిమ్మడం.

రాయగడ నుంచి:
అన్నయ్యా, మాట చాలా బాగుంది, కానీ నాకో అభ్యంతరం. మనిషికి ఎదురుగా ఉన్న వెలుగు ఎంత పెద్దదిగా కనబడితే నీడ అంచు అంత కరుగుతుంది. సూర్యుడు పొద్దున్నా మధ్యాహ్నమూ మనకి ఒకే సైజు. నీరెండలో నీడకి అంచు ఉండనే ఉంటుంది. అసలు సాఫ్ట్ లైట్ మబ్బు రోజున చూడాలి, ఆకాశం మొత్తం ఒకే దీపం. అందుకని ‘మబ్బు వెలుతురు’ అనాలి.

ఇంకోటి, కొత్తవాళ్ళ కోసం. ఆ టోపీ ఫ్లాష్ కంటే పెద్దదేం కాదు. ఆరుబయట సూటిగా కొడితే వెలుగు తగ్గి బ్యాటరీ అయిపోవడమే గానీ నీడ మెత్తబడదు. పని చేసేది గోడలూ కప్పూ. గోడలు ఆకుపచ్చవైతే ఆ రంగే మొహాల మీదికి వస్తుంది. అలాంటి చోట ఫ్లాష్ తల పైకెత్తి, వెనక ఒక తెల్ల అట్ట రబ్బరు బ్యాండుతో కట్టి, మనిషికి దగ్గరగా వెళ్ళడం మేలు.

పాతపట్నం నుంచి:
పరిక్షేపకం అని దుకాణంలో అడిగితే ఎవరిస్తారండీ? మీ పర్లాకిమిడిలోనే గదా గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది, వాడుక భాష కోసం పోరాడింది! 1936 ఏప్రిల్ 1న మీ ఊరు ఒడిశాలో కలిసింది గానీ మాట అటూ ఇటూ ఒకటే. ఇక్కడా నీరెండే అంటాం. జనం నోట్లో ఉన్న మాట ఉండగా కొత్తది ఎందుకు?

పర్లాకిమిడి నుంచి:
రాయగడ తమ్ముడు చెప్పింది నిజమే, సూర్యుడి సైజు మారదు. కానీ చలికాలం పొద్దున్న మంచు పొర ఉంటుంది కదా. సూటిగా వచ్చే ఎండ బలం తగ్గి, ఆకాశం నుంచి చెదిరి వచ్చే వెలుగు వాటా పెరుగుతుంది. నీడ ఉంటుంది, దాని నలుపు తగ్గుతుంది. టోపీ పెట్టిన గదిలో జరిగిందీ దాదాపు అదే. గోడల నుంచి తిరిగొచ్చిన వెలుగు నీడలోకి పాకింది. మబ్బు రోజున మొహం ఒక పక్కా రెండో పక్కా ఒకేలా ఉండి చదునుగా కనబడుతుంది. ఆ ఫోటోలో ముక్కుకి ఒక పక్క సన్నటి నీడ మిగిలింది, మొహానికి ఆకారం వచ్చింది.

టోపీకి వేరే పేరు వద్దు, టోపీయే చాలు. వెలుతురు పేరు మాత్రం నాయనమ్మగారినే అడుగుదామని నిన్న ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ‘మబ్బు వెలుతురు’ అంటే ఎలా ఉంటుందన్నాను. ఆవిడ వెంటనే నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. "పెళ్ళిపిల్ల మొహం పక్కన మబ్బు అనకూడదు బాబూ. నీరెండే అను."