అప్‌డేట్: ప్రీఎక్లాంప్సియా తర్వాత బీపీ, మతిమరుపు

పాప కడుపులో ఉన్నప్పుడు ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ బాగా పెరిగే సమస్య) వచ్చింది, పాపకు మూడేళ్లు నిండినా నాకు మాటలు, పేర్లు టక్కున గుర్తు రావట్లేదు, రెండింటికీ సంబంధం ఉందా అని అడిగాను కదా. కూకట్‌పల్లిలో ఒక ఫిజీషియన్‌కి చూపించుకున్నాను.

ముందు వారం పాటు ఇంట్లోనే పొద్దున, రాత్రి బీపీ చూసుకోమన్నారు, అదీ ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక (పాప ఉన్న ఇంట్లో అదే పెద్ద పని). సగటు 142/92 వచ్చింది. ఇంట్లో చూసుకుంటే 135/85 దాటితేనే ఎక్కువ లెక్కట. మాత్ర రాసే ముందు ఇంకో బిడ్డ ఆలోచన ఉందా అని అడిగారు, ఎందుకంటే కొన్ని బీపీ మాత్రలు గర్భంలో వాడకూడదు. థైరాయిడ్ బాగానే ఉంది, బీ12 తక్కువ. ఇప్పటి మతిమరుపుకి అదీ, నిద్ర లేకపోవడమూ కారణం కావచ్చు, డిమెన్షియా (మెదడు దెబ్బతిని వచ్చే మతిమరుపు జబ్బు) అని బెంగ వద్దన్నారు.

2018లో వచ్చిన డెన్మార్క్ అధ్యయనంలో ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకి తర్వాతెప్పుడో వాస్కులర్ డిమెన్షియా (మెదడుకు రక్తం సరిగా అందక వచ్చే డిమెన్షియా) ముప్పు మూడు రెట్లకు పైగా కనిపించింది, నిజమే, కానీ అది అసలే అరుదు. నాకైతే గుండెజబ్బు, పక్షవాతం ముప్పు సుమారు రెట్టింపు అన్నదే ఎక్కువ టెన్షన్.

కాన్పయ్యాక బీపీ అదే పోతుందని మా అత్తయ్య ఇప్పటికీ అంటారు. ఆవకాయ మాత్రం తగ్గించాను.

మళ్లీ గర్భం అనుకునేవాళ్లు, ప్రీఎక్లాంప్సియా మళ్లీ వచ్చే ముప్పు తగ్గించే తక్కువ మోతాదు ఆస్పిరిన్ గురించి డాక్టర్‌ని తొందరగా అడగండి, గర్భం 16 వారాలు దాటకముందే మొదలుపెడితే ఎక్కువ మేలట.