పుట్టిన ప్రతి బిడ్డ పేరునా సర్కారే డబ్బు వేయాలా?

ప్రశ్న (సిరొంచ): మా తమ్ముడికి పోయిన నెల పాప పుట్టింది. పేదలకిచ్చే పసుపు రేషన్ కార్డు ఉంది కాబట్టి, మహారాష్ట్ర సర్కారు ఆడపిల్లలకు పెట్టిన లేక్ లాడ్కీ పథకం కింద ఇప్పుడు 5,000, చదువు మధ్యలో 6,000, 7,000, 8,000, పద్దెనిమిది నిండాక 75,000 వస్తాయి. పక్కింట్లో అదే వారం బాబు పుట్టాడు. వాళ్ళదీ మిరపకాయలు ఏరే కూలే. వాడికి ఏమీ లేదు. ఆ తల్లి నన్ను అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఆడా మగా తేడా లేకుండా అందరికీ ఖాతా తెరవొద్దా?

జవాబు (బల్లార్‌పూర్): అక్కా, ధరలు ఏటా 6 శాతం పెరిగితే అప్పటి 75,000 ఇప్పటి 26 వేలతో సమానం. ఆ డబ్బేదో ఇప్పుడే అంగన్‌వాడీ గుడ్లకు పెడితే పిల్లల ఒంటికి పడుతుంది.

జవాబు (నాందేడ్): బ్రిటన్‌లో 2002 సెప్టెంబరు నుంచి పుట్టిన పిల్లలకు సర్కారే ఖాతాలో మొదట్లో 250 పౌండ్లు, పేద ఇళ్ళ పిల్లలకు 500 వేసింది. 2011 జనవరి 2 తర్వాత పుట్టినవాళ్ళకు ఆపేశారు. పద్దెనిమిది దాటినా లక్షల ఖాతాల్లో డబ్బు అలాగే పడి ఉంది. చాలామందికి ఖాతా ఉన్నట్టే తెలియదు.

అడిగినవారు: తమ్ముడూ, గుడ్డూ కావాలి, ఖాతా కూడా కావాలి. మా నాన్న చేతిలో ఆ 26 వేలుంటే నేను పదో తరగతితో ఆగేదాన్ని కాదు. నాందేడ్ అన్న చెప్పిందే నాకు టెన్షన్. పాప జనన పత్రంలో ఇంటిపేరు మరాఠీలో ఒకలా, తమ్ముడి ఆధార్‌లో ఇంకోలా పడింది. ఇప్పటికి మూడుసార్లు తిరిగాం. సోమవారం మళ్ళీ వెళ్తున్నాం.