సమస్యాపూరణం: "తనయ ముదుసలి జనకుండు తరుణుడయ్యె"

నిర్వాహకుడు:
గత సమస్య కింద మొదలైన చర్చ, అంటే వైజ్ఞానిక కల్పనా చిత్రాలలో సర్వోత్తమమైనది ఏదన్న వాదం, ఎటూ తేలకుండా మిగిలిపోయింది. అందుకే ఈ పాదాన్ని పద్యానికి చివరి పాదంగా ఇస్తున్నాను. మీకు అత్యుత్తమమని తోచిన చిత్రాన్నే ఆధారంగా తీసుకొని పూరించండి. కూతురు ముసలిది, తండ్రి యువకుడు అన్న విరోధం ఏ కారణంతో పోతున్నదో పద్యంలోనే కనబడాలి.

గగనవిహారి:

కాలరంధ్రంపుటంచున గంటసేపు
గడప నిలమీద నేడేండ్లు గడచిపోవ
మరలివచ్చి కూతును జూచె మంచమందు
తనయ ముదుసలి జనకుండు తరుణుడయ్యె

ఇది 2014లో వచ్చిన ఇంటర్‌స్టెల్లార్. పాదం చూడగానే మరో చిత్రం నా మనసుకు తట్టలేదు. గురుత్వాకర్షణ ఎక్కువైన చోట కాలం నెమ్మదిగా నడుస్తుందన్న ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని ఒక తండ్రి దుఃఖంగా మార్చిన చిత్రం ఇంకొకటి ఉంటే చూపించండి. భౌతిక శాస్త్రవేత్త కిప్ థార్న్ సమీకరణాలు ఇవ్వగా ఆ కాలరంధ్రం, అంటే కృష్ణబిలం, రూపాన్ని లెక్కకట్టి గీశారు కాని ఊహించి గీయలేదు. నా దృష్టిలో సర్వోత్తమం ఇదే.

ఏకలవ్య:
గగనవిహారిగారి ధార ఎప్పటిలాగే హాయిగా ఉంది, "కాలరంధ్రంపుటంచున" అన్న ఎత్తుగడ నాకు బాగా నచ్చింది. అయితే రెండవ పాదం దగ్గర ఆగక తప్పలేదు. ఏడేండ్లు గడిచినంత మాత్రాన పదేండ్ల పిల్ల పదిహేడేండ్లది అవుతుంది గాని ముదుసలి ఎలా అవుతుంది? చిత్రంలో కృష్ణబిలం దగ్గరి నీటి గ్రహం మీద తండ్రి బృందం పోగొట్టుకున్నది 23 ఏండ్లకు పైబడిన కాలం, ఆ తర్వాత గార్గాంటువా అనే ఆ కృష్ణబిలాన్ని చుట్టి వెళ్ళినప్పుడు మరో 51 ఏండ్లు. లెక్కకట్టి తీసిన చిత్రమని కీర్తిస్తూ లెక్క తప్పిన పద్యం చెప్పడం ఆ చిత్రానికే అన్యాయం. "గడప నిలమీద నేండ్లెన్నొ గడచిపోవ" అంటే దోషం తొలగుతుంది.

గగనవిహారి:
సవరణకు కృతజ్ఞతలు గాని దానిని స్వీకరించలేను. "ఏండ్లెన్నొ" అంటే ఏ నిద్రాశాపం కథకైనా సరిపోతుంది. గంటకు ఏడేండ్లు అన్న నిష్పత్తే ఈ విరోధానికి ప్రాణం. పోయినసారి "శబ్దమే లేని పేలుడు శ్రవ్యమయ్యె" అన్న సమస్యకు ఏకలవ్యగారు చేసిన పూరణలో "గాలి నిండిన వెంటనే సద్దు పుట్టె" అన్న పాదానికి యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ రావలసిన అక్షరమైత్రి, లేదని నేనే చెప్పాను. దానిని "గాలి నిండగనే సద్దు గల్లుమనియె" అని దిద్దినప్పుడు భావాన్ని మాత్రం ముట్టుకోలేదు. నా పద్యానికీ అదే మర్యాద కోరుతున్నాను.

ఏకలవ్య:
ఆ యతి తప్పిన మాట నిజమే, మీ సవరణను అప్పుడే స్వీకరించాను. ఆ పద్యం ప్రస్తావన మీరే తెచ్చారు కనుక దాని విషయం ఇంకొంచెం చెప్పనివ్వండి. 1968 నాటి 2001: ఎ స్పేస్ ఒడిస్సీలో వ్యోమగామి బౌమన్ శిరస్త్రాణం లేకుండా చిన్న నౌకలో చిక్కుకుంటాడు. తలుపు పేల్చుకొని శూన్యంలోంచి గాలిగదిలోకి విసురుగా వచ్చి పడతాడు. పొగ చిమ్మినట్టు కనబడుతుంది, మనిషి గోడలకు కొట్టుకుంటాడు, అంతా నిశ్శబ్దం. మీట లాగి తలుపు మూసి, గదిలోకి గాలి దూసుకువచ్చిన క్షణాన హోరు ఒక్కసారిగా మొదలవుతుంది. శబ్దానికి గాలి కావాలన్న బడిపిల్లల పాఠంతో గుండె ఆగిపోయేటట్టు చేశాడు దర్శకుడు కూబ్రిక్. మనిషి చంద్రుడి మీద ఇంకా కాలు పెట్టకముందే వచ్చిన చిత్రమది. నియమాన్ని ఒక్క మాటతోనైనా వివరించకుండా అనుభవంలోకి తెచ్చింది కనుకనే దానిని అన్నిటికంటె పైన నిలుపుతాను. ఇంటర్‌స్టెల్లార్‌లో కాగితం మడిచి, పొడిచి చూపిస్తే తప్ప మార్గం తెరుచుకోదు.

భాగవతప్రియ:
కాలభేదం మనకు కొత్తది కాదని మనవి చేస్తూ నా పూరణ:

బ్రహ్మలోకాన గానంబు బాగుగ విని
వచ్చునంతలో యుగములు వరుస నడచె
రేవతీకకుద్ముల కథ లెస్స కనుడు
తనయ ముదుసలి జనకుండు తరుణుడయ్యె

భాగవతం నవమ స్కంధంలో, కకుద్మి అనే రాజు, ఆయన కూతురు రేవతి బ్రహ్మలోకానికి వెళ్ళిరాగా ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిన ఈ కథను ఎవరైనా యథాతథంగా తెరకెక్కిస్తే, మీరు చెప్పిన రెండు చిత్రాలూ దాని ముందు నిలవవు.

నిత్యవిద్యార్థిని:
భాగవతప్రియగారూ, ఆ కథ నాకూ ప్రియమైనదే. కకుద్మి ఒంటరిగా వెళ్ళి ఉంటే మీ పూరణకు తిరుగు ఉండేది కాదు. అయితే వరుణ్ణి అడగడానికి ఆయన రేవతిని వెంటబెట్టుకొనే బ్రహ్మ సభకు వెళ్ళాడు. తండ్రీకూతుళ్ళకు కాలం ఒకే తీరున గడిచింది, తిరిగివచ్చాక ఆమె బలరాముణ్ణి పెండ్లాడింది. కూతురు ముదుసలి కానప్పుడు సమస్య పూరింపబడలేదనే చెప్పాలి. మొదటి పాదంలో "బాగుగ" యతి కోసం వచ్చి కూర్చున్న మాట. మన తెలుగువారి 1991 నాటి ఆదిత్య 369ని తీసుకుందామని నేనూ ప్రయత్నించాను గాని, అందులో శాస్త్రవేత్త కూతురు 1526కూ 2504కూ వెళ్ళివచ్చినా వయసుల క్రమం మారదు. చివరకు ఇలా వచ్చింది:

చంద్రయాత్రను దెరమీద జరిపె దాను
చిత్రకన్యకు దండ్రియై చేసె నటన
నూటయిరువది యేండ్లాయె నేటి కద్ది
తనయ ముదుసలి జనకుండు తరుణుడయ్యె

కృతిని కన్యగా భావించడం మన సంప్రదాయం. 1902లో ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ తీసిన ఎ ట్రిప్ టు ది మూన్ ఇక్కడ తనయ. తానే నటించాడు కనుక నాటి నలభై ఏండ్ల వాడు తెరమీద అలాగే నిలిచిపోయాడు. ఈ కోవలో తొలినాటి చిత్రమే సర్వోత్తమమని నా పక్షం.

భాగవతప్రియ:
రేవతి విషయంలో మీ ఆక్షేపణ సమంజసమే. మరి మీ మూడవ పాదంలో యతి ఎక్కడుంది?

నిర్వాహకుడు:
నూట, నేటి. రెండవ అక్షరాల పోలికతో ప్రాసయతి చక్కగా కుదిరింది. విరోధాన్ని కృతికన్య మీదికి మళ్ళించిన ఆ మలుపును ఈ వారపు పూరణలలో మిన్నగా ఎంచుతున్నాను.

ఏకలవ్య:
మలుపు అపూర్వం, సందేహం లేదు. కాని ఆ చిత్రంలో మెలియెస్ వేసినది గడ్డం పెంచిన ఆచార్యుడి వేషం, తరుణుడని ఒప్పించడం కష్టం. పైగా అక్కడ చంద్రుడి మీద గొడుగు నాటితే పుట్టగొడుగై పెరుగుతుంది, కొట్టగానే చంద్రవాసులు పొగై మాయమవుతారు. అది ఇంద్రజాలికుడి అద్భుతం. నియమం లేని అద్భుతాన్ని ఈ కోవలో సర్వోత్తమమని నేను అంగీకరించలేను.

నిత్యవిద్యార్థిని:
నూట ఇరువది ఏండ్ల కూతురి పక్కన నలభై ఏండ్ల తండ్రి తరుణుడే, వేషం ఏదైనా. ఇక నియమం సంగతికి వస్తే, ఫిరంగిగుండులో కూర్చొని వెళ్ళవచ్చునన్న ఊహను కళ్ళకు కట్టినవాడే లేకపోతే తర్వాతివారు ఏ నియమాన్ని పట్టుకొని దిద్దేవారు?

గగనవిహారి:
నిష్పత్తిని నిలుపుకొంటూ ఏకలవ్యగారి లెక్కకు కూడా సమాధానం చెప్పేటట్టు సవరించిన పద్యం ఇది:

కాలరంధ్రంపుటంచున గంట యొకటి
గడచినంత నేడేండ్లిల గడచు ననగ
మసలి మసలి కూతును జూచె మంచమందు
తనయ ముదుసలి జనకుండు తరుణుడయ్యె

ఏకలవ్య:
"మసలి మసలి"లో ఆ రెండు జాప్యాలూ ఇమిడిపోయాయి, ఇప్పుడు వేలు పెట్టడానికి చోటు లేదు. పద్యానికి మనస్ఫూర్తిగా అభినందనలు. చిత్రం విషయంలో మాత్రం నా పక్షం మారలేదు. కృష్ణబిలం అంచువరకు అంత నిష్ఠగా లెక్క పాటించి, లోపలికి వెళ్ళాక కూతురి పుస్తకాల అర వెనుక తేలే దారిని ప్రేమ చూపించిందనడం దగ్గర ఆ చిత్రం తన నియమాన్ని తానే విడిచిపెట్టింది.