ప్రైవేట్ రెపోని పబ్లిక్ చేసే ముందు ఏమేం చూసుకోవాలి?

హెచ్‌ఎస్‌ఆర్_బ్యాకెండ్

అందరికీ నమస్కారం. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో చిన్న టీమ్ మాది. పేమెంట్ రికన్సిలియేషన్ (చెల్లింపుల లెక్కని బ్యాంకు లెక్కతో సరిచూడటం) కోసం రాసుకున్న లైబ్రరీని ఓపెన్ సోర్స్ చేద్దామని మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. గిట్‌హబ్‌లో నాలుగేళ్ల నాటి ప్రైవేట్ రెపో (కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే చోటు). ఎక్కువగా నోడ్, కొంత పైథాన్. ఎప్పుడో పాస్‌వర్డులు, కీలు ఉండే డాట్ ఎన్వ్ ఫైలు ఒకటి కమిట్ అయింది (ఆ చరిత్రలో నమోదైంది), తర్వాత తీసేశారు. సీఐ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడవడం) గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఉంది. టెస్టులు ఆఫీసులో పెట్టిన సెల్ఫ్ హోస్టెడ్ రన్నర్ (మా సొంత మెషీన్) మీద నడుస్తాయి, ఆ మెషీన్ నుంచి స్టేజింగ్ (విడుదలకి ముందు పరీక్షించే) డేటాబేస్ కూడా అందుతుంది. సెట్టింగ్స్‌లో విజిబిలిటీ మార్చేస్తే సరిపోతుందా? సోమవారానికి అయిపోవాలంటున్నారు.

బిల్డ్_మేస్త్రి

సోమవారం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ బటన్ జోలికి వెళ్లకండి. దాన్ని నొక్కితే ఇవాళ్టి కోడ్‌తో పాటు నాలుగేళ్ల కమిట్లు, పాత బ్రాంచీలు, మూసేసిన పుల్ రిక్వెస్టుల్లో (మార్పుని కలపమని అడిగే ప్రతిపాదనల్లో) మీలో మీరు మాట్లాడుకున్నవి, ఇష్యూల్లో పేస్ట్ చేసిన కస్టమర్ ఎర్రర్లు, యాక్షన్స్ లాగులు అన్నీ బయటికొస్తాయి. లాగులు చాలామందికి గుర్తుకే రావు. సీక్రెట్‌ని గిట్‌హబ్ చుక్కలతో కప్పేది అది యథాతథంగా కనిపించినప్పుడే. ఎవరైనా డీబగ్ కోసం బేస్64లోకి (అక్షరాల మరో రూపంలోకి) మార్చి ప్రింట్ చేసి ఉంటే అది అలాగే ఉంటుంది.

ఇక డాట్ ఎన్వ్. తర్వాతి కమిట్‌లో తీసేసినా అంతకుముందు కమిట్‌లో ఉండనే ఉంటుంది. గిట్ ఫిల్టర్-రెపో అనే టూల్‌తో చరిత్ర తిరగరాసి ఫోర్స్ పుష్ చేసినా (పాతదాని మీద బలవంతంగా పెట్టినా) పూర్తిగా పోదు. పుల్ రిక్వెస్టుల కోసం గిట్‌హబ్ ఉంచుకునే రెఫ్‌లను (కమిట్లని చూపే గుర్తులను) మనం మార్చలేం. కమిట్ హాష్ (ప్రతి కమిట్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) తెలిసినవాళ్లు నేరుగా తెరవగలరు. వాటిని తీయించాలంటే సపోర్ట్‌కి రాయాలి. అందుకని మీ విషయంలో తేలికైన దారి: పాత రెపోని ప్రైవేట్‌గానే వదిలేసి, కొత్తగా ఖాళీ రెపో తెరిచి, శుభ్రం చేసిన కోడ్‌ని ఒకే మొదటి కమిట్‌గా పెట్టండి. బ్లేమ్ చరిత్ర (ఏ లైన్ ఎవరు రాశారనేది) పోతుందని టీమ్‌లో వాళ్లు బాధపడతారు. కావాలంటే పాతదాంట్లో చూసుకోవచ్చు.

ఏ దారిలో వెళ్లినా కీలు మార్చడం తప్పదు. కొత్త కీ పుట్టించి, డిప్లాయ్ చేసి, పాతదాన్ని ఇనాక్టివ్‌లో పెట్టి, రెండు రోజులు ఏదీ ఆగలేదని చూసుకుని, అప్పుడు డిలీట్ చేయండి. ఇంకా ప్రైవేట్‌లో ఉంది కాబట్టి మీకు ఈ వెసులుబాటు. ఇప్పటికే బయటపడ్డ కీ అయితే ప్రొడక్షన్ ఆగినా సరే ఆ క్షణమే ఆపేయాలి. పబ్లిక్ కమిట్లలో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కీల కోసం వెతికే బాట్లు నిమిషాల్లో వాటిని పట్టేస్తాయి.

సీక్రెట్లు వెతికే గిట్‌లీక్స్ టూల్‌ని చరిత్ర మొత్తం మీద నడపండి. తర్వాత అలాంటిదే అయిన ట్రఫుల్‌హాగ్‌ని ఓన్లీ-వెరిఫైడ్ ఫ్లాగ్‌తో నడిపితే ఇప్పటికీ పనిచేస్తున్న కీలేవో చెబుతుంది. ఈ రెండింటికీ దొరకనివి ఉంటాయి: మామూలు మాటలా కనిపించే పాస్‌వర్డ్, ఇంటర్నల్ హోస్ట్ పేర్లు. మీది రికన్సిలియేషన్ లైబ్రరీ అంటున్నారు కాబట్టి టెస్ట్ ఫిక్చర్ల (నమూనా డేటా) ఫోల్డర్ మనిషే కూర్చుని చదవాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్ నుంచి కాపీ చేసిన నాలుగు వరసలు చాలు, అసలు యూటీఆర్ (బ్యాంకు లావాదేవీ గుర్తింపు) నంబరు, అకౌంట్ నంబరు, ఖాతాదారు పేరు అందులోనే ఉంటాయి. వాటిని ఏ స్కానరూ సీక్రెట్ అనుకోదు.

రన్నర్_కాపలా

మేస్త్రి గారు చెప్పినవి చేసినా, ఆ రన్నర్‌ని కొత్త రెపోకి తగిలిస్తే అంతా వృథా. పబ్లిక్ రెపోకి సెల్ఫ్ హోస్టెడ్ రన్నర్ వద్దని గిట్‌హబ్ డాక్యుమెంటేషనే చెబుతుంది. ఎవరైనా ఫోర్క్ చేసి (తన సొంత కాపీ తీసుకుని), టెస్ట్ ఫైల్లో రెండు లైన్లు మార్చి పుల్ రిక్వెస్ట్ పంపితే, ఆ కోడ్ మీ ఆఫీస్ నెట్‌వర్క్ లోపల నడుస్తుంది. అక్కణ్ణుంచి స్టేజింగ్ డేటాబేస్ ఒక్క అడుగు. పైగా జాబ్ అయ్యాక ఆ మెషీన్ తుడిచిపెట్టుకుపోదు, వచ్చినవాడు ఒక ప్రాసెస్ వదిలి వెళ్తే తర్వాతి జాబుల టోకెన్లన్నీ వాడికే.

అప్రూవల్ అడుగుతుంది కదా అని కొందరంటారు. డిఫాల్ట్‌గా అడిగేది మొదటిసారి పంపేవాళ్లకే. రీడ్‌మీలో ఒక స్పెల్లింగ్ దిద్ది మెర్జ్ చేయించుకున్నవాడు రెండోసారి అప్రూవల్ లేకుండా వచ్చేస్తాడు. బయటివాళ్లందరికీ అప్రూవల్ కావాలని సెట్టింగ్ మార్చండి. మార్చినా సరే, పబ్లిక్ రెపో టెస్టులు గిట్‌హబ్ ఇచ్చే రన్నర్ మీదే నడపండి. పబ్లిక్ రెపోలకి మామూలు రన్నర్లు ఉచితం.

వర్క్‌ఫ్లో ఫైళ్లలో (యాక్షన్స్ ఎప్పుడు, ఏం చేయాలో రాసిన వాటిలో) పుల్_రిక్వెస్ట్_టార్గెట్ అనే ట్రిగ్గర్ ఎక్కడైనా ఉందేమో వెతకండి. మామూలు పుల్_రిక్వెస్ట్ అయితే ఫోర్క్ నుంచి వచ్చినదానికి సీక్రెట్లు అందవు, టోకెన్‌కి చదివే హక్కే ఉంటుంది. టార్గెట్ రకం మీ రెపో హక్కులతో నడుస్తుంది. అందులో వచ్చినవాడి బ్రాంచ్‌ని చెకౌట్ చేసి ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ (నోడ్ ప్యాకేజీలు దించే కమాండ్) నడిపారంటే, వాడి ప్యాకేజ్ డాట్ జేసన్‌లోని పోస్ట్‌ఇన్‌స్టాల్ (ఇన్‌స్టాల్ అయ్యాక దానంతటదే నడిచే స్క్రిప్టు) మీ సీక్రెట్లతో నడిచినట్టే. అలాగే పుల్ రిక్వెస్ట్ టైటిల్‌ని నేరుగా రన్ లైన్లో అతికించకండి. టైటిల్లో కొటేషన్ మూసి, సెమికోలన్ పెట్టి, కర్ల్ కమాండ్ రాస్తే షెల్ దాన్ని నడిపేస్తుంది. ముందు ఎన్వ్ వేరియబుల్‌లో పెట్టి, షెల్లో కొటేషన్ల మధ్య వాడండి.

ప్రతి వర్క్‌ఫ్లో పైన పర్మిషన్స్‌లో కంటెంట్స్: రీడ్ అని రాయండి. పాత ఆర్గనైజేషన్లలో డిఫాల్ట్ ఇంకా రైట్‌గానే ఉండొచ్చు.

హెచ్‌ఎస్‌ఆర్_బ్యాకెండ్

వివరంగా చెప్పారు, చాలా థాంక్సండీ. కొత్త రెపో దారే పడతాం. ఇంకో రెండు సందేహాలు. బయటి యాక్షన్లు (వేరేవాళ్లు రాసిపెట్టిన వర్క్‌ఫ్లో ముక్కలు) ఎనిమిది వాడుతున్నాం, అన్నీ వీ4, వీ2 లాంటి ట్యాగులతోనే. అవి పర్వాలేదా? ఫోర్క్‌కి సీక్రెట్లు అందకపోతే డేటాబేస్ టెస్టులు ఎలా నడుస్తాయి?

లాక్‌ఫైల్_లక్ష్యం

ట్యాగులు చాలవు. ట్యాగ్‌ని ఎప్పుడైనా వేరే కమిట్‌కి జరపొచ్చు. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి ఛేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్‌కి జరిగింది అదే (లోపం నంబరు సీవీఈ-2025-30066). దాడి చేసినవాళ్లు పాత వెర్షన్ ట్యాగులను కూడా తమ కమిట్ వైపు తిప్పారు. దాన్ని వాడుతున్న రెపోలు 23,000 పైచిలుకు. అది రన్నర్ మెమరీలోంచి సీక్రెట్లు లాగి, రెండుసార్లు బేస్64 చేసి లాగులో రాసింది. పబ్లిక్ రెపో అయితే ఆ లాగు ఎవరైనా చదవొచ్చు. 40 అక్షరాల కమిట్ హాష్‌తో పిన్ చేసుకున్నవాళ్లకి, ఆ రోజుల్లో హాష్ మార్చుకుంటే తప్ప, ఏమీ కాలేదు. హాష్ పెట్టి, పక్కన కామెంట్‌లో వెర్షన్ రాయండి. గిట్‌హబ్ అప్‌డేట్ బాట్ డిపెండాబాట్ రెండింటినీ కలిపి అప్‌డేట్ చేస్తుంది. ఎనిమిదిలో రెండు మూడు యాక్షన్లు నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టుతో పోయేవే అయ్యుంటాయి, తీసేయండి.

ప్యాకేజీల్లోనూ ఇదే తంతు. సీఐలో ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎమ్ సీఐ వాడండి. లాక్‌ఫైల్‌కీ (ఖచ్చితమైన వెర్షన్ల జాబితా) ప్యాకేజ్ డాట్ జేసన్‌కీ పొంతన లేకపోతే అది ఆగిపోతుంది. ఇన్‌స్టాల్ స్క్రిప్టులు నడవకుండా ఆపే ఇగ్నోర్-స్క్రిప్ట్స్ కూడా పెట్టండి, నేటివ్ మాడ్యూల్స్ ఉంటే వాటిని మాత్రం విడిగా రీబిల్డ్ చేయాలి. 2025 సెప్టెంబరులో షై-హులూద్ వార్మ్ (తనంతట తానే వ్యాపించే మాల్‌వేర్) పాకింది పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టుల గుండానే. అదే నెలలో చాక్, డీబగ్ ప్యాకేజీల మెయింటెయినర్ ఫిషింగ్ మెయిల్‌కి చిక్కితే, చెడ్డ వెర్షన్లు సుమారు రెండు గంటలు రిజిస్ట్రీలో ఉన్నాయి. అప్పుడే వచ్చిన వెర్షన్‌ని వారం ఆగి తీసుకుంటే ఇలాంటివి చాలావరకు తప్పిపోతాయి. ఎన్‌పీఎమ్ బదులు వాడే పీఎన్‌పీఎమ్‌లో 10.16 నుంచి మినిమమ్‌రిలీజ్‌ఏజ్ అనే సెట్టింగ్ ఉంది, లెక్క నిమిషాల్లో, వారానికి 10080. సెక్యూరిటీ ప్యాచ్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చుకోండి.

పైథాన్ వైపు ఎక్స్‌ట్రా-ఇండెక్స్-యూఆర్‌ఎల్ (ప్యాకేజీలు వెతికే అదనపు చిరునామా) ఉంటే తక్షణం మార్చండి. మీ ఇంటర్నల్ ప్యాకేజీ పేరు పబ్లిక్ రెపోలో కనబడగానే, అదే పేరుతో పైపీఐలో (పైథాన్ పబ్లిక్ ప్యాకేజీల సైట్‌లో) పెద్ద వెర్షన్ నంబరు పెట్టి ఎవరైనా అప్‌లోడ్ చేయొచ్చు. పిప్ రెండు ఇండెక్స్‌లనూ కలిపి చూసి పెద్ద వెర్షన్‌నే తీసుకుంటుంది. ఒకే ఇండెక్స్, రిక్వైర్-హాషెస్ (హాష్ సరిపోతేనే ఇన్‌స్టాల్), అంతే.

రన్నర్_కాపలా

డేటాబేస్ ప్రశ్నకి: ఫోర్క్ టెస్టుకి స్టేజింగ్ అక్కర్లేదు. వర్క్‌ఫ్లోలో సర్వీసెస్ కింద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కంటైనర్ పెట్టండి, పాస్‌వర్డ్ ఫైల్లోనే రాసేయండి, జాబ్‌తో పాటే అదీ పోతుంది. స్కీమా, నకిలీ వరసలు మైగ్రేషన్ స్క్రిప్టుతో ఎక్కించండి. హెల్త్ చెక్ పెట్టడం మర్చిపోతే డేటాబేస్ లేవకముందే టెస్ట్ మొదలై ఒక్కోసారి ఫెయిలవుతుంది.

ఏడబ్ల్యూఎస్ తాకే పని రిలీజ్ జాబ్‌లో మాత్రమే ఉంచి, కీ బదులు ఓఐడీసీతో (శాశ్వత కీ లేకుండా గుర్తింపు చూపే పద్ధతితో) రోల్ ఇవ్వండి. ట్రస్ట్ పాలసీలో (ఆ రోల్ ఎవరు తీసుకోవచ్చో చెప్పేదాంట్లో) సబ్ కండిషన్‌కి మీ ఆర్గ్, రెపో, మెయిన్ బ్రాంచ్ పేర్లు పూర్తిగా రాయాలి. అక్కడ స్టార్ పెట్టి వదిలేస్తే గిట్‌హబ్‌లో ఎవరి రెపో అయినా మీ రోల్ తీసుకోగలదు.

బిల్డ్_మేస్త్రి

పబ్లిష్ హక్కు సంగతి కూడా చూడండి. ఎన్‌పీఎమ్‌లో ఒక ఉద్యోగి సొంత అకౌంట్‌తో పబ్లిష్ చేసే అలవాటు ఉంటే, ఆయన నోటీస్ పీరియడ్ అయిపోయి వెళ్లాక కూడా హక్కు ఆయన దగ్గరే ఉంటుంది. ట్రస్టెడ్ పబ్లిషింగ్ పెట్టుకుంటే వర్క్‌ఫ్లో నుంచే రిలీజ్ పంపొచ్చు, దానికి దాచాల్సిన టోకెనూ ఉండదు. లాప్‌టాప్‌లో కట్టిన టార్‌బాల్ (రిలీజ్ ఆర్కైవ్ ఫైలు) ఎప్పుడూ పెట్టకండి. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (లినక్స్ కంప్రెషన్ టూల్) బ్యాక్‌డోర్‌లో (5.6.0, 5.6.1 వెర్షన్లు) దాన్ని మేల్కొలిపే ఎమ్4 బిల్డ్ ఫైలు గిట్‌లో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లోనే ఉంది. గిట్ చదివినవాళ్లకి అది కనబడే వీలే లేదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ వెంటబడి తవ్వబట్టి బయటికొచ్చింది.

సెక్యూరిటీ ట్యాబ్‌లో ప్రైవేట్ వల్నరబిలిటీ రిపోర్టింగ్ ఆన్ చేయండి, లేకపోతే లోపం కనిపెట్టినవాళ్లు పబ్లిక్ ఇష్యూలో రాసేస్తారు. ఆ రిపోర్టులు వచ్చే మెయిల్ కనీసం ఇద్దరు చూడాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోగా వాళ్లకి చెప్పాలి, లాగులు 180 రోజులు ఉంచాలి. శనివారం రాత్రి వచ్చిన మెయిల్ సోమవారం తెరిస్తే ఆ గడువు దాటిపోతుంది.