అప్‌డేట్: నడుము నొప్పితో ట్రయాథ్లాన్ సాధనకు తీసుకున్న సైకిల్

నడుము నొప్పి ఉన్నప్పుడు ట్రయాథ్లాన్ (ఈత, సైక్లింగ్, పరుగు వరుసగా ఉండే పోటీ) కోసం బాగా ముందుకు వంగి తొక్కే ప్రత్యేక సైకిల్ కొనాలా, రోడ్ బైక్ (రోడ్డుపై వేగంగా తొక్కే సైకిల్) సరిపోతుందా అని నేను అడిగిన ప్రశ్నకు ఓపికగా బదులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. తిరుపతిలో ఫిజియోథెరపిస్టు పరీక్షించి, తొడ వెనుక కండరాలు బిగుసుకుపోవడం వల్ల వంగినప్పుడు తుంటి సరిగా కదలక భారమంతా నడుముపై పడుతోందని చెప్పారు. అందువల్ల హ్యాండిల్ ఎత్తుగా, దగ్గరగా ఉండే ఎండ్యూరెన్స్ రోడ్ బైక్ తీసుకున్నాను. అయితే ఎక్కువ ఉపశమనం ఇచ్చింది మీలో ఒకరు సూచించినట్టు సీటును కొద్దిగా దించడమే. అది మరీ ఎత్తుగా ఉంటే పెడల్‌ను అందుకోవడానికి తుంటి అటూ ఇటూ ఊగి నడుము అలిసిపోతుంది. ఫ్రేమ్ కార్బన్‌దా, అల్యూమినియందా అన్న చర్చ నా సమస్యకు సంబంధం లేనిదని తేలింది. ఇప్పుడు చంద్రగిరి దాకా వెళ్లి వచ్చినా నొప్పి రావడం లేదు కనుక, ‘ఒలింపిక్ దూరం’ అనే ట్రయాథ్లాన్ పోటీలో సైకిల్ తొక్కాల్సిన 40 కిలోమీటర్లకు ఇదే సైకిల్‌పై సిద్ధమవుతున్నాను. కండరాలు సడలాకే ఏరోబార్లు (ముంజేతులు ఆనించి ముందుకు వంగి తొక్కేందుకు హ్యాండిల్‌కు అమర్చే కడ్డీలు) బిగిస్తాను.