చౌడు నేలలో వంగ ఆకు మాడితే పొటాష్ వేయాలా, ఆపాలా?

ఛత్రపురం వంగతోట:
గంజాం జిల్లా తీరం పక్క మాది. అరెకరం ఇసుక నేలలో సగం వంగ, సగం మిరప వేశాను. ఏప్రిల్ నుంచి ముదురు ఆకుల అంచులు మాడుతున్నాయి, మొక్క ఎదగడం లేదు. ఎరువుల షాపులో చూపిస్తే పొటాష్ లోపమన్నారు. రెండు దఫాలు ఎర్ర పొటాష్ వేశాను, మాడు ఇంకా పెరిగింది. మట్టి పరీక్ష కాగితంలో ఇ.సి. (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) 0.9, ‘సాధారణం’ అని ఉంది. అంటే ఉప్పు లేనట్టే కదా?

బరంపురం రైతు:
పొటాష్ ఆపకు తమ్ముడూ. ఉప్పు నేలలో సోడియం ఎక్కువై పొటాషియం వేరులోకి వెళ్లే దారికి అడ్డం పడుతుంది. అందుకే మొక్కకు పొటాష్ ఇంకా ఎక్కువ కావాలి. అసలు ఈ ఉప్పంతా 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు వచ్చిందే.

రంభ కూరగాయలు:
అన్నా, సోడియం గురించి మీరు చెప్పింది నిజమే. కానీ ఎర్ర పొటాష్‌లో దాదాపు సగం క్లోరైడే. నేలలో అప్పటికే ఉన్న క్లోరైడ్, మొక్కకు నత్రజని ఇచ్చే నైట్రేట్‌తో పోటీ పడుతుంది, ఆకు అంచుల్లో పేరుకుని మాడుస్తుంది. దాని మీద మనం ఇంకా పోస్తున్నాం. ఎరువు నేల నీటిలో ఉప్పు ఎంత పెంచుతుందో చెప్పే ఉప్పు సూచిక మ్యూరియేట్‌కు, అంటే ఈ ఎర్ర పొటాష్‌కు, 116, సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌కు 46. పొటాష్ ఇవ్వాల్సిందే అయితే ఆ రెండోది, కొంచెం కొంచెంగా ఇవ్వాలి.

తమ్ముడూ, నీ కాగితం సంగతి చాలా ముఖ్యం. మన దగ్గర మట్టిలో రెండు, రెండున్నర రెట్లు నీళ్లు కలిపి ఇ.సి. చూస్తారు. పంటలు తట్టుకునే హద్దులు మాత్రం తడిసి ముద్దయిన మట్టి నుంచి తీసిన నీటికి లెక్కగట్టినవి. నీళ్లు ఎక్కువ కలిపితే అంకె తగ్గుతుంది, ఇసుక నేలలో ఆ తేడా ఇంకా ఎక్కువ. వంగకు హద్దు 1.1, మిరపకు 1.5, టమాటాకు 2.5 డెసిసీమెన్లు (మీటరుకు, ఇ.సి. కొలత). అంటే నీ 0.9 ఆ లెక్కన వంగ హద్దు దాటి ఉండొచ్చు. హద్దు దాటాక ఒక్కో యూనిట్‌కు వంగ దిగుబడి సుమారు 7 శాతం, మిరపది 14 శాతం పడిపోతుంది. ‘సాధారణం’ అన్న మాట చూసి చాలామంది మోసపోతున్నారు, నాకు బాధగా ఉంటుంది.

తేమ కనిపిస్తున్నా ఉప్పెక్కువైతే వేరు నీటిని లాగలేదు. మధ్యాహ్నం వాడిన మొక్కకు యూరియా వేస్తే ఆ ఉప్పు ఇంకా పెరుగుతుంది. కాల్షియం అందక టమాటాలో కాయ అడుగు నల్లబడేది కూడా ఇలాగే.

ఫైలిన్ మాట ఒప్పుకోలేను. ఇసుక నేలలో అన్ని వానాకాలాలు దాటి ఆ ఉప్పు నిలవదు. వేసవిలో మాత్రమే మాడుతోందంటే నీ బోరు నీటినే అనుమానించాలి. ముందు నీటిని పరీక్ష చేయించు.

పర్లాకిమిడి:
జిప్సం వేస్తే సరిపోదా?

రంభ కూరగాయలు:
కారు చౌడుకైతే వేయాలి, అక్కడ మట్టికి అంటుకున్న సోడియాన్ని కాల్షియం తోసేస్తుంది. పాల చౌడులో ఉప్పు నీటిలో కరిగే ఉంది, దాన్ని కడిగేయాలంతే. పి.హెచ్. 8.5 దాటితే అప్పుడు జిప్సం మాట్లాడుకుందాం. కడగాలంటే మంచి నీరు కావాలి, కిందికి దిగడానికి దారీ కావాలి. బోదె తీసి వాన నీరు నిలిపి దించండి.

బరంపురం రైతు:
ఎర్ర పొటాష్ విషయం ఒప్పుకుంటున్నా. నేను వేసింది మంచి నీటి కాలువ కింద, అందుకే నష్టం కనపడలేదేమో. కానీ వానల దాకా ఆ వంగ బతకాలిగా?

రంభ కూరగాయలు:
బతకాలి. ఎరువులు ఆపి, గడ్డి పరిచి, తడి ఆరకుండా తక్కువ నీటితో తరచూ తడపాలి. ఆరితే ఉప్పు వేరు దగ్గర చిక్కబడుతుంది. వచ్చేసారి మొక్కను బోదె నెత్తిన పెట్టొద్దు, ఉప్పు చేరేది అక్కడికే. పక్క వాలున పెట్టు. వానలకు ముందు పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి, పూత రాకముందే కలియదున్ను.

ఛత్రపురం వంగతోట:
రేపే బోరు నీరు పట్టుకెళ్తాను. మిగిలిన ఎర్ర పొటాష్ సంచి విప్పలేదు, వెనక్కి తీసుకుంటారేమో అడుగుతాను.