సరౌండ్ స్పీకర్లలో శబ్దం చాలా తక్కువగా వస్తోంది: లోపం రిసీవర్‌దా, టీవీదా?

మా ఇంట్లో నాలుగేళ్లుగా వాడుతున్న 5.1 (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) హోమ్ థియేటర్ రిసీవర్‌కు (స్పీకర్లకు శబ్దాన్ని పంచే పెట్టెకు) గత నెలలో కొత్త టీవీ కలిపినప్పటి నుంచి, ముందున్న మూడు స్పీకర్లు, సబ్‌వూఫర్ బాగానే మోగుతున్నా, సోఫా వెనుక గోడకు బిగించిన రెండు సరౌండ్ స్పీకర్లలో మాత్రం చెవి ఆనించి వింటే తప్ప ఏమీ వినిపించడం లేదు.

రిసీవర్ మెనూలోని టెస్ట్ టోన్ పెడితే ఆ బుస్సుమనే శబ్దం అయిదింటిలోనూ సమానంగానే వస్తోంది. కాబట్టి స్పీకర్లు పాడవలేదని అనుకుంటున్నాను. అయినా నల్లబడిన వైరు కొసలను కత్తిరించి, కొత్తగా ఒలిచి, ప్లస్ మైనస్‌లు సరిచూసుకుని మళ్లీ బిగించాను. సరౌండ్ లెవల్‌ను +6 డెసిబెల్స్ దాకా పెంచినా సినిమాలో పెద్ద తేడా కనిపించలేదు.

టీవీ శబ్దం హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే రిసీవర్‌కు వెనక్కి పంపే సదుపాయం) ద్వారా రిసీవర్‌కు వెళుతోంది. టీవీ ఆడియో సెట్టింగు 'పీసీఎం'లో (కుదించని డిజిటల్ శబ్దంగా పంపే పద్ధతిలో) ఉంది. ఏఆర్‌సీలో పీసీఎం రెండు ఛానెళ్లకే పరిమితమని, 5.1 కావాలంటే డాల్బీ డిజిటల్‌ను బిట్‌స్ట్రీమ్‌గా (టీవీ విప్పకుండా, రిసీవరే విప్పుకునేలా) పంపాలని తెలిసి అలా మార్చాను. వెనుక శబ్దం కొంత పెరిగింది గానీ, మాటలు పెదవుల కదలిక కన్నా ఆలస్యంగా వస్తున్నాయి. సీరియల్ చూసే మా అమ్మగారు ఒక్క పూటకే దాన్ని పాత సెట్టింగుకు మార్పించేశారు.

బిట్‌స్ట్రీమ్‌లోనే ఉంచి ఈ ఆలస్యాన్ని సరిచేసే మార్గం ఉందా, లేక స్ట్రీమింగ్ బాక్సును నేరుగా రిసీవర్‌కే కలపడం మేలా? మైకుతో చేసే క్యాలిబ్రేషన్‌ను (స్పీకర్ల శబ్దాన్ని గదికి తగ్గట్టు సరిచేయడాన్ని) మళ్లీ మొదటి నుంచి చేయాలా? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.